ఆంప్లిఫైయరునకును సబ్‌వూఫరునకును పొత్తు కుదుర్చుట

గత సంవత్సరము మన పాఠశాల వార్షికోత్సవమునకు విచ్చేసిన వారికి ఆ సాయంకాలము జ్ఞాపకముండియే యుండును. చిన్న తరగతుల బాలికల కోలాటము ముగిసి, పెద్ద బాలురు తప్పెటగుళ్ళు ప్రారంభించిన కొంతసేపటికి వేదికకు ఎడమవైపునుండి కాలిన వాసన వచ్చెను. తెరకు నిప్పంటుకొన్నదేమోయని తల్లులు కొందరు లేచి నిలువబడిరి. తెరకేమియు కాలేదు. మన సంఘము పూర్వవిద్యార్థుల చందాలతో కొనిన రెండు సబ్‌వూఫరులలో ఒకటి లోలోపల మాడి మూగవోయినది.

సబ్‌వూఫరు అనగా డోలు, మృదంగము మున్నగు వాద్యముల బరువైన నాదమును మాత్రమే పలికించు పెద్ద స్పీకరుపెట్టె. సెకనుకు సుమారు 40 మొదలు 100 వరకు కంపనములు గల మంద్రనాదములు దాని పాలు. తక్కిన పాట, మాట అన్నియు పై స్పీకరుల పాలు. మన బరంపురము బజారులో దీనిని బేస్ బాక్సు అందురు. మనవి 18 అంగుళముల స్పీకరు గల పెట్టెలు.

మరునాటి కార్యవర్గ సమావేశమున పెద్ద చర్చ జరిగెను. పెట్టెమీద 1600 వాట్లని వ్రాసియున్నది. ఆంప్లిఫైయరుమీద 1200 వాట్లని వ్రాసియున్నది. చిన్నది పెద్దదానిని ఎట్లు కాల్చునని సభ్యులు ప్రశ్నించిరి. స్పీకరు నాసిరకమని ఒకరనిరి. మైకుసెట్టు నడపిన యువకుని అజాగ్రత్త యని మరియొకరనిరి. ఆనాడు మేమును ఆ రెండవ మాటకే తల యూపితిమి. తరువాత పెట్టెను విప్పించి, తీగలను పరీక్షించి, లెక్కలు వేసి చూచుకొనగా, ఆ యువకుని తప్పుకంటె మా తప్పే హెచ్చని తేలినది. ఇప్పుడు సంఘము క్రొత్త ఆంప్లిఫైయరు కొనవలసియున్నది. ఇంకను చిన్నది కొన్నచో స్పీకరు భద్రముగా నుండునని సభ్యులలో పలువురి అభిప్రాయము. ఆ అభిప్రాయము ప్రమాదకరమని మేము నమ్ముచున్నాము. ఏల నమ్ముచున్నామో చెప్పుటకే ఈ వ్యాసము. పదవ తరగతి విద్యార్థులు కాగితము, కలము దగ్గర నుంచుకొని చదువుదురు గాక. వారికి తెలియని సూత్రము ఇందులో ఒక్కటియు లేదు.

మొదట ఆ 1600 అను అంకె సంగతి చూతము. సబ్‌వూఫరుతో వచ్చిన చిన్న పుస్తకము తెరచినచో అందు మూడంకెలు కనబడును: 400, 800, 1600. మూడును వాట్లే, మూడును ఒకే స్పీకరునకు చెందినవే. మొదటిది స్పీకరు నిలకడగా భరింపగల శక్తి. ఆడియో ఇంజనీరింగు సొసైటీ అను సంస్థ 1984లో ప్రకటించిన పరీక్షాపద్ధతిలో, పింక్ నాయిస్ అను ఎడతెగని హోరును రెండు గంటలపాటు స్పీకరునకు పంపి, దానికి శాశ్వతమైన హాని కలుగకుండ ఎంత శక్తి ఇముడునో చూతురు. ఆ విధముగ వచ్చిన అంకె 400. ఆ హోరులోనే క్షణమాత్రము లేచి పడు శిఖరములుండును. వాని యెత్తు సగటు వోల్టేజికి రెట్టింపు. వోల్టేజి రెట్టింపైనచో శక్తి నాలుగింత లగును గనుక ఆ శిఖరముల శక్తి 1600. నడుమనున్న 800 అనునది పరీక్షచే తేలినది కాదు. సంగీతము ఎల్లవేళల ఒకే జోరున సాగదు కావున, మొదటి అంకెను రెట్టించి వ్యాపారులు వాడుకలోనికి తెచ్చిన అంకె. దీనిని ప్రోగ్రాము శక్తి యందురు.

రైలుస్టేషనులో పోర్టరు 40 కిలోల పెట్టె నెత్తిన బెట్టుకొని ప్లాట్‌ఫారము పొడవున నడువగలడు. మెట్టు తడబడినప్పుడు ఒక్క క్షణము అంతకు నాలుగింతల బరువు మెడపై పడినను ఓర్చుకొనగలడు. అంతమాత్రమున 160 కిలోలు నెత్తికెత్తి రెండు గంటలు నడువుమన్నచో ఏమగును? పెట్టెమీద పెద్ద అక్షరములతో వ్రాయునది మాత్రము ఆ క్షణకాలపు అంకెయే. పెద్ద అంకె వెలను పెంచును.

ఆంప్లిఫైయరుమీది 1200 సంగతియు అట్టిదే. దాని వెనుక పలకమీద చిన్న అక్షరములను అద్దము పెట్టి చదువగా, 8 ఓముల స్పీకరునకు ఒక్కొక్క ఛానలు 300 వాట్లు మాత్రమే ఇచ్చునని యున్నది. రెండు ఛానళ్ళను కూడి, మరల శిఖరము పేర రెట్టించి, 1200 చేసిరి. కనుక అసలు పోలిక 1200కును 1600కును కాదు; 300కును 400కును. ఐనను ఆంప్లిఫైయరే చిన్నది గదా యని మీరందురు. నిజమే. ఇక్కడనుండియే కథ చిక్కుపడినది.

విద్యుచ్ఛక్తి యెంతయో తెలియవలెనన్న వోల్టేజిని దానిచేతనే గుణించి నిరోధముచే భాగింపవలెను. 300 వాట్లు 8 ఓములలో పుట్టవలెనన్న 49 వోల్టులు కావలెను. ఇది సగటు, తరంగముయొక్క శిఖరము 69 వోల్టులకు పైగా లేచును. ఆ ఆంప్లిఫైయరు ఇవ్వగల గరిష్ఠమైన వోల్టేజి అదియే. అంతకుమించి అడిగినచో అది ఇంకను పైకి లేవజాలదు. కొండ శిఖరమును కోసి బల్లపరుపు చేసినట్లు తరంగముయొక్క తల తెగును. దీనిని క్లిప్ అగుట యందురు. ముఖపలకమీద ఎర్రదీపము వెలుగునది అప్పుడే. మిక్సరుమీద ఇంకను పెంచిన కొలది తల మరింత తెగి, గుండ్రని తరంగము చతురస్రముగా మారును. పూర్తిగా చతురస్రమైన తరంగములో వోల్టేజి ఇంచుమించు ఎల్లవేళల ఆ 69 వద్దనే యుండును. 69ని 69చే గుణించి 8చే భాగించిన సుమారు 600 వచ్చును. 300 వాట్ల ఆంప్లిఫైయరు 600 వాట్లకు దగ్గరగా ఇయ్యసాగెను! మన సబ్‌వూఫరు నిలకడగా ఓర్చునది 400.

క్లిప్ అయిన తరంగములో ఏకముఖ విద్యుత్తు పుట్టి స్పీకరును కాల్చునను మాట పలువురు మైకుసెట్టువారి నోట వినబడును. అది సరికాదు. తల పైనను క్రిందను సమముగ తెగినప్పుడు ఏకముఖ విద్యుత్తునకు తావు లేదు. తరంగముయొక్క ఆకారము విషము కాదు. ఆ ఆకారమువలన సగటు శక్తి పెరుగుటయే హాని. అదే ఆంప్లిఫైయరును ఎర్రదీపము వెలుగనీయక నడపియుండినచో ఆ స్పీకరు నేటికిని పలుకుచుండెడిది. మనవారందరు ఆశించినంత గట్టిగా పలికెడిది కాదు, అంతే.

మరి ఆ యువకుడు ఎర్రదీపమును చూచియు ఏల పెంచెను? ఇది మేము సిగ్గుతో చెప్పవలసిన సంగతి. సబ్‌వూఫరులకు పోవు రెండు తీగలను మన విద్యార్థులే ప్రయోగశాలలో అతికిరి. వానిలో ఒకదానియందు ధనాగ్రమును ఋణాగ్రమును తారుమారైనవి. పరీక్షించి చూడవలసినది మేము, చూడలేదు. ఒక పెట్టెలోని కోను ముందునకు వచ్చునప్పుడు రెండవ పెట్టెలోనిది వెనుకకు పోవుచుండెను. ఒకటి గాలిని త్రోయుచుండ మరియొకటి లాగుచున్నది. రెండు పెట్టెలకును సమదూరమున, అనగా సభామధ్యమున, మంద్రనాదములు ఒకదాని నొకటి రద్దుచేసికొనును. సభామధ్యమున కూర్చుండువారు అతిథులు, కార్యవర్గమువారు, మేము. డోలుమ్రోత వినబడుటలేదని ప్రక్కనున్న పెద్దలొకరు మాతో ననగా, పెంచుమని రెండు పర్యాయములు చీటి వ్రాసి పంపినది మేమే. వేదికకు ఇరుప్రక్కల కూర్చుండిన పిల్లలకు మాత్రము చెవులు గింగురుమనుచుండెనట. వారి నెవ్వరు నడిగిరి?

ఈ తప్పును కనుగొనుట మిక్కిలి సులభము. 9 వోల్టుల బ్యాటరీ ధనాగ్రమును తీగయొక్క ధనాగ్రమునకు, ఋణాగ్రమును ఋణాగ్రమునకు ఒక్క క్షణము తాకించినచో కోను ముందునకు రావలెను. ఒక పెట్టెలో ముందునకు వచ్చి మరియొక పెట్టెలో వెనుకకు పోయినచో తీగ తిరుగబడినదని అర్థము. ఈ సంవత్సరము ఈ పరీక్షను తొమ్మిదవ తరగతివారికి అప్పగించితిమి.

ఇక స్పీకరు మరణమునకు గల రెండు మార్గములను గూర్చి కొంత విపులముగ చెప్పుదుము. మొదటిది వేడిమి. చైస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను అమెరికను ఇంజనీరులు 1925లో ప్రకటించిన స్పీకరు రూపమే నేటికిని ముఖ్యముగ వాడుకలో నున్నది: అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట, దానికి అతికిన కోను. ఆ తీగచుట్టకు పంపిన ప్రతి 100 వాట్లలో నాదముగ మారునది మనవంటి మంచి సబ్‌వూఫరులోనే 3 వాట్లకు అటునిటు. తక్కిన 97 వేడియే. అనగా 400 వాట్లు మ్రింగుచున్న స్పీకరు, నాదముచేయు ఇస్త్రీపెట్టె వంటిది. రాగి వేడెక్కిన కొలది దాని నిరోధము డిగ్రీకి నూటికి 0.39 వంతున పెరుగును. చుట్ట 200 డిగ్రీలు వేడెక్కినచో నిరోధము ఇంచుమించు నూటికి 80 వంతులు హెచ్చును. అప్పుడు ఆంప్లిఫైయరునుండి అంతే వోల్టేజి వచ్చినను శక్తి తగ్గును, నాదము సన్నగిల్లును. తెలియనివాడు మరల పెంచును. చుట్ట ఇంకను వేడెక్కును. చుట్టను పట్టియుంచు జిగురు కరగి, తీగ వదులై, అయస్కాంతమునకు రాచుకొని తెగువరకు ఇది సాగును. మన పెట్టెలో జరిగినది ఇదియే.

రెండవ మరణము కోను మితిమీరి కదలుటవలన కలుగును. సబ్‌వూఫరు పెట్టెలకు ముందువైపున ఒక రంధ్రముండుటను చూచియుందురు. అది గాలి పోవుటకు మాత్రమే యనుకొనకుడు. పెట్టెలోని గాలియు రంధ్రములోని గాలియు కలిసి సీసా మూతివద్ద ఊదినట్లు ఒక స్వరమున పలుకును. ఆ స్వరమువద్ద కోను కదలిక మిక్కిలి తగ్గి, రంధ్రమే పనిచేయును. ఈ పెట్టెలను లెక్కచే నిర్మించు మార్గమును ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ అను ఇంజనీరు 1961లో చూపగా, రిచర్డ్ స్మాల్ 1970 తరువాత దానిని విస్తరించెను. ఆ స్వరమునకు క్రిందికి పోయిన యెడల గాలి ఆసరా తప్పి కోను యథేచ్ఛగా కొట్టుకొనును. చెవికి ఏమియు వినబడదు. లోపల చుట్ట వెనుకపలకకు గుద్దుకొనుచుండును. మైకు చేజారి క్రిందపడుట, గాలి మైకును తాకుట, వేదికమీద పిల్లలు గంతులు వేయుట, ఇవన్నియు ఇట్టి అతిమంద్రనాదములను పుట్టించును. అందుచేత 30 లేక 35 కంపనములకు క్రిందివానిని ఆంప్లిఫైయరునకు ముందుగనే వడగట్టవలెను. పెద్ద ఆంప్లిఫైయరు భయంకరమనువారి మాటలో గల సత్యము ఇక్కడ నున్నది: శక్తి హెచ్చుగ నుండి వడపోత లేనిచో ఒక్క దెబ్బతోనే స్పీకరు పోగలదు. వేడికి గంటలు కావలెను. దీనికి అరక్షణము చాలును.

కనుక ఎంత ఆంప్లిఫైయరు కొనవలెను? 8 ఓములు, 400 వాట్ల నిలకడ గల ఒక్కొక్క పెట్టెకు, 8 ఓములవద్ద 600 మొదలు 800 వాట్ల వరకు ఇచ్చు ఛానలు కావలెనని మా నిర్ణయము. 800 వాట్లనిన 80 వోల్టులు. దాని శిఖరము 113 వోల్టులు. ఆ క్షణమున శక్తి 1600. పుస్తకములోని మూడవ అంకె మరల ఇక్కడ ప్రత్యక్షమగుట గమనింపుడు. అనగా డోలుమీద పడిన దెబ్బ తల తెగకుండ పూర్తిగా పలుకుటకు కావలసిన చోటు ఆ ఆంప్లిఫైయరులో నున్నది. దెబ్బకును దెబ్బకును నడుమ చుట్ట చల్లారుటకు వ్యవధియు నున్నది. చిన్న ఆంప్లిఫైయరులో దెబ్బకు చోటు చాలదు. నడిపించువాడు దానిని పెంచి, నడిమి విశ్రాంతిని గూడ మ్రోతతో నింపును.

అయితే 800 వాట్ల ఆంప్లిఫైయరు చేతికిచ్చి ఇష్టము వచ్చినట్లు పెంచుమన్నచో, మొదటి సంవత్సరపు ప్రమాదము రెండింతలై మరల వచ్చును. దాని తల తెగినచో 1600 వాట్లు నిలకడగా పోగలవు గదా. కావున లిమిటరు లేక దానిని కొనరాదు. లిమిటరు అనగా నిర్ణయించిన వోల్టేజి దాటకుండ కళ్ళెము పట్టు సాధనము; నేటి ఆంప్లిఫైయరులలో పెక్కింటికి లోపలనే అమర్చబడియున్నది. దానికి రెండు కళ్ళెములుండవలెను. ఒకటి శిఖరములకు, 113 వోల్టులవద్ద. మరియొకటి మెల్లగా పనిచేయుచు సగటును 57 వోల్టులకు మించనీయనిది. 57ని 57చే గుణించి 8చే భాగించిన మన 400 వచ్చును. ఈ రెండవ కళ్ళెమును పలువురు విస్మరింతురు. నిజమునకు స్పీకరును కాపాడునది అదియే.

లిమిటరు లేని ఆంప్లిఫైయరు మాత్రమే దొరికి, నడపువాడు క్రొత్తవాడైనచో, 400 వాట్లది తెచ్చి, ఎర్రదీపము ఎన్నడును వెలుగరాదని నియమము పెట్టుట మేలు. నియమము లేక 300 వాట్లదియు కాల్చునని మనము రొక్కము చెల్లించి నేర్చుకొంటిమి. వాయించు సంగీతమును బట్టియు జాగ్రత్త మారును. ఉపన్యాసములోను, హరికథలోను శిఖరములు ఎత్తుగ నున్నను సగటు చాల తక్కువ. పిల్లలు నృత్యములకు తెచ్చు నేటి సినిమాపాటల రికార్డులలో సగటును శిఖరమువరకు నొక్కిపెట్టి నింపియుందురు. అవి ఆ పరీక్షలోని హోరుకు దగ్గరివి. ఆనాడు తప్పెటగుళ్ళకు ముందు గంటకు పైగా అట్టి పాటలే మ్రోగినవి. వాసన తప్పెటగుళ్ళ సమయమున వచ్చినను పాపము వానిది కాదు.

ఓముల విషయమున ఒక మాట. 8 ఓముల పెట్టెలు రెండింటిని ఒకే ఛానలునకు సమాంతరముగ కలిపినచో 4 ఓము లగును. నాలుగు కలిపినచో 2. నిరోధము సగమైనచో ప్రవాహము రెట్టింపగును. ఆంప్లిఫైయరునకు శ్రమ హెచ్చును. 8 ఓములవద్ద 800 ఇచ్చునది 4 ఓములవద్ద 1600 ఇచ్చునని ఊహింపరాదు. సాధారణముగ అంత ఇయ్యదు. రెండు పెట్టెలను ఒక్క ఛానలుతో నడుపవలెనన్న 4 ఓములవద్ద 1200 మొదలు 1600 వరకు ఇచ్చునని వ్రాసియున్నదానినే చూడవలెను. రెండు ఛానళ్ళను బ్రిడ్జి చేసి ఒకటిగ నడపునప్పుడు ఒక్కొక్క ఛానలునకు స్పీకరుయొక్క సగము నిరోధమే తగులును. ఈ సంగతి మరచి ఆంప్లిఫైయరులనే కాల్చుకొనినవారు గలరు. మీటరుతో కొలిచినప్పుడు 8 ఓముల స్పీకరు ఐదున్నర, ఆరు చూపినచో కంగారుపడనక్కరలేదు. మీటరు ఏకముఖ విద్యుత్తుతో కొలుచును. 8 అనునది సంగీతముయొక్క పరివర్తి విద్యుత్తునకు పెట్టిన పేరు. మన మాడిన స్పీకరు మీటరునకు ఏమియు చూపలేదు. చుట్ట తెగినది.

తీగలు లావుగ నుండవలెను. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 20 మీటర్ల దూరము పోయి వచ్చుటకు 0.28 ఓము నిరోధము చూపును. 4 ఓముల బరువు మీద నూటికి ఆరు వంతులకు పైగా శక్తి తీగలోనే పోవును.

ఈ లెక్కలన్నియు ఆ యువకుని ఎదుటనే వేసితిమి. ఆతడు ఒడియాలో అడిగెను, మేము తెలుగులో గుణించితిమి. వాట్లు, ఓములు, వోల్టులు ఇరువురకు నొక్కటే గనుక చిక్కు లేకపోయెను. నేరము మోపినందుకు ఆతనిని క్షమాపణ కోరితిమి.

సభ్యులలో కొందరు వాట్లు పెంచినచో నాదము అంతకంత పెరుగునని తలచుచున్నారు. ఆశ వలదు. శక్తిని రెట్టించిన పెరుగునది 3 డెసిబెల్లులు; శ్రద్ధగ వినువానికి కొంచెము పెరిగినట్లు తోచును. రెట్టింపు గట్టిగ వినబడవలెనన్న సుమారు పదింతల శక్తి కావలెను. అదే మరియొక పెట్టెను తెచ్చి, మొదటిదాని ప్రక్కనే చేర్చి, దానికిని అంతే శక్తి నిచ్చినచో మంద్రనాదము 6 డెసిబెల్లులు పెరుగును. ధనమున్నప్పుడు ఆంప్లిఫైయరుమీదకంటె పెట్టెమీద వెచ్చించుట లాభము. పెట్టెలను వేదికకు చెరియొక వైపున పెట్టుట మన అలవాటు. చూపునకు అందముగ నుండును, చెవికి కాదు. 60 కంపనముల నాదముయొక్క తరంగపు నిడివి 5.7 మీటర్లు. ఒక పెట్టె మరియొకదానికంటె 2.9 మీటర్లు దూరమైన కుర్చీలో కూర్చుండినవానికి తీగలు సరిగనే యున్నను ఆ నాదము రద్దగును. రెండింటిని వేదిక ముందు నేలమీద మధ్యభాగమున ప్రక్కప్రక్కన నుంచినచో సభ అంతటను సమముగ వినబడును.

అట్లు మధ్యనుంచినప్పుడు ముందు జంపఖానామీద కూర్చుండు ఒకటవ తరగతి పిల్లల మాటేమి? దీనికిని లెక్క వేసితిమి. మన పెట్టె ఒక వాటుకు ఒక మీటరు దూరమున 97 డెసిబెల్లులు పలుకును. 400 వాట్లకు 26 కలిపిన 123. దూరము రెట్టింపైన కొలది 6 తగ్గును గనుక 16 మీటర్ల దూరమున 99. 4 మీటర్ల దూరమున 111. రెండు పెట్టెలు కలిసిన ఇంకొక 6. సంగీతముయొక్క సగటు ఇంతకు తక్కువే యైనను, వినోదసభలలో పదునైదు నిమిషముల సగటు 100 డెసిబెల్లులు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో చెప్పియున్నది. అందును ఇవి పసిపిల్లల చెవులు. కావున ఈ వార్షికోత్సవమున పెట్టెలనుండి 8 మీటర్ల వరకు ఎవ్వరిని కూర్చుండనీయము. చిన్నపిల్లలు పెద్దల వెనుకనుండి కనబడదని ఏడ్తురు గనుక వారికి ప్రక్కన ఎత్తైన బల్లలు వేయింతుము. రాత్రి 10 గంటలకు మైకు కట్టివేయవలెనని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. మనము 9 గంటలకే ముగింతుము.

ఇప్పుడు కార్యవర్గము ఎదుటనున్న ప్రతిపాదన ఇది: 8 ఓములవద్ద ఛానలునకు 700 వాట్లకు తక్కువ కాకుండ ఇచ్చు, లిమిటరును అతిమంద్రనాదములకు వడపోతయు గల ఆంప్లిఫైయరు ఒకటి, కాలిన స్పీకరునకు క్రొత్త కోను, చుట్ట. పాత ఆంప్లిఫైయరును ప్రార్థనాసమావేశపు మైకునకు వాడుకొందుము. మిక్సరు ప్రక్కన బల్లమీద 57, 113 అను రెండంకెలు వ్రాసిన అట్ట యుండును. సభనుండి ఎవ్వరు చీటి పంపినను, అది మేము పంపినదైనను, ఎర్రదీపము వెలుగుచుండగా పెంచవలదని నడపువానికి వ్రాతమూలకముగ అధికారమిచ్చుచున్నాము.

కాలిన చుట్టను ప్రయోగశాలలో గాజుబీరువా రెండవ అరలో నుంచితిమి. నల్లబడిన చోటును, జిగురు కరగిన చోటును చేతితో పట్టి చూడగోరు విద్యార్థులు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల నడిగి తాళపుచెవి తీసికొనవచ్చును.